స్ప్రింగు మార్చబోతే యాక్సిల్ దాకా వెళ్లింది: నా అనుభవం

"బండి ఒక పక్కకి ఒరిగినట్టుంది అన్నా" అని మా తమ్ముడు అన్నప్పుడు నేను నమ్మలేదు. నేల సమంగా లేదేమో అనుకున్నాను. తర్వాత టేపు పెట్టి వెనక చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా కొలిచాను. కుడివైపు 365 మిల్లీమీటర్లు, ఎడమవైపు 338. అంతకు ముందు రెండు వారాలుగా స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడల్లా వెనక నుంచి ‘టక్’ మని ఒక శబ్దం వస్తోంది. డికీలో స్టెప్నీ కదులుతోందేమో అనుకుని దాన్ని రెండుసార్లు బిగించాను కూడా. ఈ 27 మిల్లీమీటర్ల తేడా చూశాక ఆ శబ్దం ఎక్కడిదో అర్థమైంది.

టార్చి వేసి కింద చూస్తే ఎడమ స్ప్రింగు కింది చుట్టు విరిగి ఉంది. ముప్పావు చుట్టు ముక్క, స్ప్రింగు కూర్చునే ఇనుప పళ్లెంలో విడిగా పడి ఉంది. కాయిల్ స్ప్రింగులు ఎక్కువగా విరిగేది ఇక్కడే. కింది చుట్టు కూర్చునే చోట మట్టి, నీళ్లు నిలుస్తాయి. చిన్న రాయి తగిలి పైపూత లేచినా చాలు, అక్కడ తుప్పు మొదలవుతుంది. స్ప్రింగు మీద బరువు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఆ తుప్పు గుంట దగ్గర చీలిక పుట్టి లోపలికి పాకుతుంది. ఒకరోజు చప్పుడు చేసి విరుగుతుంది.

స్ప్రింగులు మార్చడం పెద్ద పని కాదులే అని ఒక ఆదివారం సరిపోతుందని లెక్క వేసుకున్నాను. విరిగిన ముక్క బయటికి లాగి, పళ్లెం మీది మట్టిని స్క్రూడ్రైవర్‌తో గీకాను. స్క్రూడ్రైవర్ మొన లోపలికి దిగిపోయింది. సుత్తితో మెల్లగా కొడితే, మంచి ఇనుము ఇచ్చే గంట శబ్దం రాలేదు. తడిసిన అట్టను కొట్టినట్టు మొద్దు శబ్దం వచ్చింది. పొరలు పొరలుగా తుప్పు రాలింది. ఆ పళ్లెం యాక్సిల్‌లో, అంటే రెండు వెనక చక్రాలనీ కలిపే ఇరుసులో భాగమే. దాని మీద కొత్త స్ప్రింగు పెడితే ఏదో ఒక గుంతలో అది కిందికి చొచ్చుకొచ్చి టైరును చీల్చేయవచ్చు. ఆ ఆలోచన వచ్చాక ఇక ఆ బండిని రోడ్డు మీదికి తీయలేదు.

మాది ఇంజిన్ బలం ముందు చక్రాలకి అందే చిన్న హ్యాచ్‌బ్యాక్. ఇలాంటి బండ్లలో చాలావాటికి వెనక ఉండేది ట్విస్ట్ బీమ్ యాక్సిల్. 1974లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్, సిరోకో కార్లతో ఈ పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. రెండు పక్కలా వెనక్కి సాగే రెండు చేతుల్లాంటి ట్రైలింగ్ ఆర్మ్‌లు, వాటిని కలుపుతూ ఒక వైపు తెరిచి ఉండే అడ్డ బీమ్. ఆర్మ్‌ల ముందు కొసలు రబ్బరు బుష్‌లతో బాడీకి బిగుసుకుంటాయి, వెనక కొసలకి చక్రాలు ఉంటాయి. ఒక చక్రం గుంతలో దిగి రెండోది దిగకపోతే ఆ బీమ్ మెలి తిరుగుతుంది. ఇరుసు, ఊగుడును ఆపే రాడ్ రెండు పనులూ అదే చేస్తుంది. తక్కువ ముక్కలు, తక్కువ బరువు. కానీ ఒక ఇబ్బంది ఉంది. వెనక చక్రాల కోణాలు సరిచేసుకోవడానికి సాధారణంగా ఏ సర్దుబాటూ ఉండదు. బీమ్ వంగిందంటే వంగినట్టే.

ఈ చివరి మాట నాకు పాత సంగతి ఒకటి గుర్తు చేసింది. ఏడాదిగా స్టీరింగ్ కొద్దిగా వంకరగా ఉండేది. ఎడమ వెనక టైరు లోపలి అంచు మాత్రమే అరిగేది. రెండుసార్లు ముందు చక్రాల అలైన్‌మెంట్ చేయించాను. స్టీరింగ్ నిటారుగా పెట్టి ఇచ్చారు తప్ప వెనక చక్రాల రీడింగు ఎవరూ తీయలేదు, నేనూ అడగలేదు. అంతకు ముందెప్పుడో ఎడమ వెనక చక్రం పెద్ద గుంతలో పడి రిమ్ము సొట్టపోయింది. రిమ్ము మార్చాను కానీ ఆ దెబ్బ యాక్సిల్‌కి కూడా తగిలి ఉంటుందని ఆలోచించలేదు. అంటే తుప్పు లేకపోయినా ఈ యాక్సిల్ పోవలసిందే.

కొత్త యాక్సిల్ ధర కనుక్కున్నాను. బండి వయసుకి అది తగిన ఖర్చు కాదు. అలాగని బండిని వదిలేసే స్థితిలోనూ లేను, ఇంజిన్ ఇంకా ఎంతో బాగుంది. అందుకే ఒక కాగితం తీసుకుని రెండు గళ్లు గీశాను. ఒక దాంట్లో పాతవి తీసుకున్నా ఫరవాలేనివి, ఇంకో దాంట్లో కొత్తవే వేయాల్సినవి. మొదటి గడిలో ఒక్కటే మిగిలింది, యాక్సిల్. రెండో గడిలో రెండు స్ప్రింగులు, వాటి కిందా పైనా ఉండే రబ్బరు సీట్లు, యాక్సిల్ బుష్‌లు, బ్రేక్ హోస్ పైపులు, హబ్ (చక్రం బిగుసుకునే తిరిగే భాగం) నట్లు, బుష్ బోల్టులు. ఇనుప దిమ్మ పాతదైనా వంకర లేకుండా, తుప్పు లేకుండా ఉంటే పని చేస్తుంది. రబ్బరూ స్ప్రింగూ అలా కాదు. వాటి వయసు కంటికి కనపడదు.

పాత యాక్సిల్ కోసం రెండు వారాలు తిరిగాను. స్క్రాప్‌కి వచ్చిన బండ్లలో ముందు వైపు గుద్దుకున్నదాన్నే వెతికాను. అలాంటి బండికి వెనక భాగం దెబ్బ తినకుండా ఉండే అవకాశం ఎక్కువ. చూడటానికి ఒకేలా ఉన్నా అన్నీ సరిపోవు. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండి యాక్సిల్, లేనిదాని యాక్సిల్ వేరు. డ్రమ్ బ్రేకులదీ డిస్క్ బ్రేకులదీ వేరు. అందుకే నా యాక్సిల్ మీద ఉన్న పార్ట్ నంబరు ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకున్నాను.

మొదట దొరికినది పైకి నల్లగా నిగనిగలాడుతోంది. కొత్తగా పెయింట్ కొట్టారు. నాకు అక్కడే అనుమానం వచ్చింది, ఎందుకంటే పెయింట్ కింద ఏముందో చూడలేం. అది వదిలేశాను. రెండోది దుమ్ము పట్టి, పైపైన కాస్త తుప్పుతో ఉంది కానీ సుత్తితో తడితే అంతటా గణగణ మోగింది. స్ప్రింగు పళ్లేలు గట్టిగా ఉన్నాయి. బీమ్‌కీ ఆర్మ్‌కీ మధ్య వెల్డింగు చుట్టూ వైరు బ్రష్‌తో గీకి సన్నటి చీలికలేమైనా ఉన్నాయేమో చూశాను. ఆ తర్వాత టేపుతో కర్ణాలు కొలిచాను. ఎడమ బుష్ రంధ్రం నుంచి కుడి హబ్ బిగించే ముఖం దాకా ఒకటి, కుడి బుష్ నుంచి ఎడమ ముఖం దాకా ఇంకొకటి. రెండు కొలతల మధ్య తేడా ఒక మిల్లీమీటరు. నా టేపు కొలతలో పొరపాటు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అదే తీసుకున్నాను. ఇంటికి తెచ్చాక నా పాత యాక్సిల్‌ని కూడా ఇలాగే కొలిస్తే తేడా 9 మిల్లీమీటర్లు వచ్చింది.

స్ప్రింగుల విషయంలో ఒక సంగతి వివరంగా చెప్పాలి. ఒకే మోడల్‌లో పెట్రోల్, డీజిల్ రకాలకీ, వెనక గ్యాస్ ట్యాంకు ఉన్నవాటికీ స్ప్రింగులు వేరుగా ఉండొచ్చు. స్ప్రింగు మీద ఉండే రంగు చుక్కలు ఆ రకాన్ని చెప్పేవే. నా పాత స్ప్రింగు మీద ఆ రంగులు ఎప్పుడో పోయాయి. దుకాణంలో మోడల్ పేరు, సంవత్సరం చెప్పి తెచ్చుకున్న జత పొడవు సరిగ్గానే ఉంది. కాలిపర్‌తో వైరు మందం చూస్తే 12 మిల్లీమీటర్లు. నాది 11. ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ స్ప్రింగు గట్టితనం వైరు మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య మారకుండా 11 కాస్తా 12 అయితే గట్టితనం దాదాపు 40 శాతం పెరుగుతుంది. ఖాళీ బండి వెనక భాగం ఎగిరెగిరి పడేది. వాటిని తిరిగి ఇచ్చి, ఈసారి ఛాసిస్ నంబరుతో చూపించి సరైనవి తెచ్చాను. విరిగింది ఒక్కటే అయినా జతగానే మార్చాలి. పాత కుడి స్ప్రింగు కొన్నేళ్ల బరువుకి కుంగి ఉంటుంది, పక్కన కొత్తది పెడితే బండి మళ్లీ ఒరుగుతుంది.

యాక్సిల్ సిద్ధం చేయడానికే రెండు సాయంత్రాలు పట్టాయి. వైరు బ్రష్‌తో తుప్పు గీకి, తుప్పును ఆపే ద్రావణం పూసి, ప్రైమర్, ఆపైన ఛాసిస్ పెయింట్ వేశాను. హబ్ బిగించే రెండు ముఖాలకి మాత్రం టేపు అంటించి పెయింట్ తగలనివ్వలేదు. అక్కడ చక్రం కోణం ఆ ఇనుప ముఖం మీదే ఆధారపడి ఉంటుంది. మధ్యలో పెయింట్ పొర ఉంటే అది నలిగి తర్వాత బోల్టులు వదులవుతాయి కూడా. నీళ్లు కారిపోయే రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకున్నాను.

అందులో ఉన్న పాత బుష్‌లు తీయడం కష్టమైంది. రబ్బరును డ్రిల్‌తో తొలిచి, బయటి గొట్టాన్ని హ్యాక్సా బ్లేడుతో లోపలి నుంచి కోశాను. యాక్సిల్ ఇనుము తెగకుండా కోయాలి కాబట్టి తొందర పనికిరాదు. కొత్తవి ఎక్కించడానికి పొడవాటి మర రాడ్, మందపాటి వాషర్లు, తగిన సైజు గొట్టం ముక్క వాడాను. మొదట మామూలు రాడ్ పెడితే సగంలోనే మరలు లేచిపోయాయి. ఇంకా గట్టిదైన 10.9 గ్రేడ్ రాడ్ తెచ్చాక బుష్‌లు సాఫీగా దిగాయి. జారడానికి సబ్బు నీళ్లు రాశాను. నూనె, గ్రీజు రబ్బరును పాడు చేస్తాయి. ఇంకొకటి, ఈ బుష్‌లలో రబ్బరు అన్ని వైపులా ఒకేలా ఉండదు, కొన్ని చోట్ల ఖాళీలు ఉంటాయి. ఆ ఖాళీలు ఏ దిక్కుకి ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది. పాతవి తీయకముందే ఆ దిక్కును యాక్సిల్ మీద గీత గీసుకుని ఉంచుకున్నాను.

విప్పే రోజుకి వారం ముందు నుంచి ప్రతి సాయంత్రం అన్ని బోల్టుల మీదా తుప్పు వదిలించే నూనె కొట్టాను. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో శ్రమ తగ్గించింది అదే.

శనివారం పొద్దున తమ్ముడు వచ్చాడు. హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే, వాటిని ఎత్తితే ఇక అది పనికిరాదు. కాబట్టి బండి మొదటి గేరులో పెట్టి, ముందు చక్రాలకి అటూ ఇటూ దిమ్మలు పెట్టాం. చక్రాల బోల్టులు నేల మీద ఉండగానే వదులు చేసి, వెనక ఎత్తి, బాడీకి ఉన్న జాకీ పాయింట్ల కింద రెండు స్టాండ్లు పెట్టాం. విప్పిన చక్రాలను కూడా బాడీ కింద పడుకోబెట్టాం. స్టాండు జారినా మనిషికి చోటు మిగులుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి ఎవరూ దూరొద్దు, ఒక్క నిమిషానికైనా సరే.

యాక్సిల్ కింద జాకీ ఆనించి షాక్ అబ్జార్బర్ల కింది బోల్టులు తీశాం. జాకీ ఆధారం లేకుండా ఆ బోల్టు తీస్తే యాక్సిల్ ఒక్కసారిగా కిందికి పడుతుంది. మెల్లగా దించితే స్ప్రింగులు వదులై చేతికి వచ్చేశాయి. మా బండికి స్ప్రింగు కంప్రెసర్ అవసరం రాలేదు. ఏబీఎస్ సెన్సర్లను హబ్ నుంచి లాగకుండా కనెక్టర్ల దగ్గరే విప్పాం. హబ్‌లో తుప్పుకి అతుక్కున్న సెన్సర్ లాగితే విరిగిపోతుంది.

బ్రేక్ పైపు దగ్గర మాత్రం ఇబ్బంది పడ్డాం. గొట్టం మీద తొడిగేలా చీలిక ఉండే స్పానర్ వేసినా కుడివైపు నట్టు కదల్లేదు, అంచులు అరిగిపోయాయి. ఇంకా బలం పెడితే నట్టుతో పాటు గొట్టమూ మెలితిరిగింది. "ఇక ఆపు అన్నా, కోసేద్దాం" అన్నాడు తమ్ముడు. వాడు చెప్పిందే సరైనది. ఆ ముక్క కోసి, నమూనాగా వర్క్‌షాప్‌కి పట్టుకెళ్లి కాపర్ నికెల్ గొట్టంతో కొత్తది చేయించుకున్నాను. గొట్టం కొసను విప్పార్చే తీరులో రెండు రకాలు ఉంటాయి, గుండ్రటి బుడగలాంటిది ఒకటి, లోపలికి రెండు మడతలు వేసింది ఇంకొకటి. ఒకదాని చోట ఇంకొకటి పెడితే ఫ్లూయిడ్ కారుతుంది. పాత ముక్క తీసుకెళ్లడం అందుకే. దీంతో శనివారం మధ్యాహ్నం అంతా పోయింది, టెన్షన్ కూడా బాగానే పడ్డాను.

ఆదివారం ఎక్కించడం మొదలుపెట్టాం. నా పాత యాక్సిల్ నుంచి హబ్‌లు, డ్రమ్‌లు విప్పి, కొని తెచ్చినదానికి బిగించాం. బేరింగులు చేత్తో తిప్పితే గరగర లేదు, ఊగడం లేదు, అందుకే అవే వాడాం. యాక్సిల్‌ని ఇద్దరం చెరోవైపు పట్టుకుని జాకీ మీద నిలబెట్టి, మొదట బుష్ బోల్టులు చేత్తో తిప్పాం. కొత్త రబ్బరు సీట్ల మీద స్ప్రింగులు పెట్టి, కింది చుట్టు కొస పళ్లెంలోని గుర్తుకి ఆనేలా తిప్పి, జాకీ లేపి షాక్ అబ్జార్బర్లు తగిలించాం. బ్రేక్ గొట్టాలు, హ్యాండ్ బ్రేక్ కేబుళ్లు కలిపాం. ఆ తర్వాత బ్రేకుల్లో ఎయిర్ తీశాం. తమ్ముడు పెడల్ నొక్కి పట్టుకోవడం, నేను గాలి వదిలే నిపుల్ వదులు చేసి మళ్లీ బిగించడం, బుడగలు ఆగేదాకా అదే పని. వాడింది కొత్తగా తెరిచిన డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా. ఈ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ప్రమాణం ప్రకారం తాజాగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకి దిగుతుంది. సగం వాడి మూలన పెట్టిన పాత డబ్బా ఇందుకే పనికిరాదు.

చీకటి పడుతుండగా అన్ని బోల్టులూ టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే స్పానర్) బిగించి లోపలికి వెళ్లాను. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది, బుష్ బోల్టులు కూడా చక్రాలు గాల్లో వేలాడుతుండగానే పూర్తిగా బిగించేశానని. నాకు తెలిసిన విషయమే, అలసటలో మరిచిపోయాను. బుష్‌లో లోపలి ఇనుప గొట్టానికీ బయటి గొట్టానికీ మధ్య రబ్బరు అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బాడీ బ్రాకెట్‌కి కదలకుండా పట్టేస్తుంది. ఆ తర్వాత యాక్సిల్ పైకీ కిందికీ కదిలేది రబ్బరు మెలి తిరగడం వల్లనే. వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి నేల మీద నిలబడ్డ ప్రతి క్షణం ఆ రబ్బరు మెలి తిరిగే ఉంటుంది. కొద్ది నెలల్లో చిరిగిపోతుంది, బండి ఎత్తు కూడా తేడాగా ఉంటుంది.

పొద్దున లేచి ముందు ఆ పనే చేశాను. చక్రాలు బిగించి, నాలుగు చక్రాల కిందా ఒకే ఎత్తు వచ్చేలా మందపాటి చెక్కలు పేర్చి బండిని వాటి మీదికి దించాను. బుష్ బోల్టులు వదులు చేయగానే రెండు వైపులా ‘కిర్ర్’ మంటూ రబ్బరు తిరిగిన శబ్దం వినిపించింది. బండి వెనక భాగాన్ని నాలుగైదుసార్లు కిందికి నొక్కి వదిలి, అది తన ఎత్తులో నిలిచాక మాన్యువల్‌లో ఉన్న అంకెకి బిగించాను. ఆ అంకె బండిని బట్టి మారుతుంది, మీ బండి మాన్యువల్‌లోదే వాడండి. బిగించిన ప్రతి బోల్టు తల మీద నుంచి పక్క ఇనుము దాకా తెల్ల పెయింట్‌తో ఒక గీత గీశాను. బోల్టు కదిలితే గీత విడిపోతుంది.

మొదట ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి బ్రేకులు చూసుకుని, నేరుగా నాలుగు చక్రాల అలైన్‌మెంట్‌కి తీసుకెళ్లాను. ఈసారి మొదట వెనక చక్రాల రీడింగే తీయమన్నాను. రెండు వెనక చక్రాల టో, అంటే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, హద్దుల్లోనే ఉంది. వెనక చక్రాల జంట కలిసి చూసే దిశ బండి మధ్య గీత నుంచి ఎంత పక్కకి ఉందో ఆ కోణాన్ని థ్రస్ట్ యాంగిల్ అంటారు, అది సున్నాకి దగ్గరగా వచ్చింది. స్క్రీన్ మీద ఆ పచ్చ రంగు అంకెలు చూసినప్పుడు కలిగిన సంతోషం చాలా పెద్దది. అక్కడి పెద్దాయన ఆ కాగితం నా చేతికిస్తూ "పాత యాక్సిల్ వేశానన్నారు కదండీ, నేను నమ్మలేదు" అన్నారు. ఆ తర్వాత ముందు చక్రాలు సరిచేస్తే, ఏడాదిగా వంకరగా ఉన్న స్టీరింగ్ నిటారుగా నిలిచింది.

ఇంటికొచ్చి టేపు తీశాను. కుడి 378, ఎడమ 377. వంద కిలోమీటర్లు నడిపాక మళ్లీ కిందికి దూరి చూస్తే తెల్ల గీతలు అన్నీ కలిసే ఉన్నాయి. గొట్టాల జాయింట్ల దగ్గర తుడిచిన కాగితం పొడిగా వచ్చింది. హ్యాండ్ బ్రేక్ మాత్రం రెండు క్లిక్కులు ఎక్కువ లాగాల్సి వస్తోంది, ఎడమ కేబుల్ కొద్దిగా సర్దాను. లోపలి అంచు అరిగిన టైరు ఇంకా హోరుమంటోంది. వచ్చే నెల ఆ జత మార్చాలి.